నియంత్రణ: ఒకే మాట, రెండు పనులు

ప్రశ్న:
విశాఖపట్నంలో పోటీ పరీక్షల విద్యార్థులకు తెలుగు మాధ్యమంలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. "స్వేచ్ఛా విపణిలో ప్రభుత్వ నియంత్రణ ఉండాలా, వద్దా?" అని వ్యాసాంశం ఇస్తే, సగం మంది పాత లైసెన్సుల కాలం గురించి, తక్కినవారు విద్యుత్ నియంత్రణ మండలి గురించి రాసి తెచ్చారు. ఎవరినీ తప్పుపట్టలేకపోయాను. లోపం నేను వాడిన మాటలోనే ఉందేమోనని అనుమానం. పెద్దలు వివరించాలని కోరుతున్నాను.

సమాధానం:
మాస్టారూ, మీ అనుమానం సరైనదే. కంట్రోల్ వేరు, రెగ్యులేషన్ వేరు. మన పత్రికలూ కార్యాలయాలూ రెంటికీ నియంత్రణ అనే ఒక్క మాటనే వాడుతూ వచ్చాయి. ఏ సరుకు ఎంతకు అమ్మాలో, ఏ కర్మాగారం ఏడాదికి ఎన్ని టన్నులు తయారు చేయాలో ప్రభుత్వమే శాసించడం మొదటిది. ధరను అమ్మేవారికీ కొనేవారికీ వదిలి, తూకం సరిగా ఉందా, సరుకులో కల్తీ ఉందా, రాసుకున్న ఒప్పందం చెల్లుబాటవుతున్నదా అని చూడడం రెండవది. 1991 జూలై 24న వచ్చిన పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలకు తప్ప మిగిలిన వాటికి లైసెన్సు అక్కరలేదన్నప్పుడు తగ్గింది మొదటిది. 1992లో షేర్ల విపణిని చూసే సెబీకి చట్టబద్ధత, 1997లో టెలిఫోన్ సంస్థలను చూసే ట్రాయ్, ఆ వెనుకే రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్ళు వచ్చినప్పుడు పెరిగింది రెండవది. కాబట్టి ఆ పదేళ్ళలో నియంత్రణ తగ్గిందన్నా నిజమే, పెరిగిందన్నా నిజమే. ఒక మాటతో రెండు వ్యతిరేక వాక్యాలూ నిజమవుతుంటే, ఆ మాట మీద వాదం ఎలా నిలుస్తుంది?

ఈ మాట పుట్టుక చూడండి. ఇది పట్టి ఉంచడం అనే అర్థమిచ్చే యమ్ అనే సంస్కృత ధాతువు కుటుంబంలోది. నియమం, సంయమనం, యంత్రం దీని చుట్టాలు. తెలుగులో నియంత అంటే నిరంకుశుడనే అర్థం స్థిరపడింది గానీ, సంస్కృతంలో నియంత అంటే గుర్రాలను పట్టి రథం నడిపే సారథి కూడా. కాళిదాసు రఘువంశం మొదటి సర్గలో దిలీప మహారాజు ప్రజలను "నియన్తుర్నేమివృత్తయః" అన్నాడు. నేర్పరి అయిన సారథి తోలే రథచక్రాల అంచుల వలె వారు మనువు నాటి నుంచి నలిగిన బాటను గీతంతైనా దాటలేదని భావం. దాని వెంటనే వచ్చే శ్లోకం పన్నులను గురించినది కావడం నాకెంతో ఇష్టమైన విషయం: సూర్యుడు వేయిరెట్లుగా తిరిగి ఇవ్వడానికే నీటిని గ్రహించినట్లు, ఆ రాజు ప్రజల మేలు కోసమే వారి నుంచి పన్ను తీసుకున్నాడట. సారథి బండి లాగడు, బండిలోని సరుకు అతనిది కాదు, కానీ అతను పగ్గం వదిలితే బండి గోతిలో పడుతుంది. "అధికార పగ్గాలు చేపట్టారు" అని మన పత్రికలు నేటికీ రాస్తున్నాయంటే ఈ ఊహ మన భాషలో చావలేదన్నమాట.

ఈ పని ఎలా ఉంటుందో మన కోస్తాలోనే ఒక శాసనం చెబుతుంది. తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకును పాత రాజులు స్వాధీనం చేసుకునేవారు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం, ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోమని సముద్ర వర్తకులకు మాట ఇచ్చింది. అందులో సరుకుల ధరల ఊసు లేదు. ఉన్నది భద్రత, ముందుగా తెలిసిన పన్ను, రాజు తనకు తాను పెట్టుకున్న హద్దు. అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ 1776లో పాలకుని విధులుగా చెప్పిన మూడు, అంటే దేశరక్షణ, న్యాయపాలన, ఏ ఒక్కరికీ గిట్టుబాటు కాని ప్రజోపయోగ నిర్మాణాలు, వీటిలో మొదటి రెంటి నీడ ఇక్కడ కనిపిస్తుంది.

కనుక నా సూచన ఇది: కంట్రోల్‌కు కట్టడి, అదుపు అనే మాటలు వాడి, నియంత్రణను రెగ్యులేషన్‌కు విడిచిపెడదాం. నిజానికి జనం ఈ తేడాను ఎన్నడో గుర్తించారు. రేషను బియ్యాన్ని మన పెద్దలు కంట్రోలు బియ్యం అన్నారే గానీ నియంత్రణ బియ్యం అనలేదు. క్రమబద్ధీకరణ అనే మాట కూడా ఉండేది, కానీ దానిని అనుమతి లేని లే అవుట్లు ఆక్రమించుకున్నాయి.

మరొక సభ్యుని అభ్యంతరం:
అయ్యా, మీ విభజన ఇంపుగా ఉంది గానీ రెండు చిక్కులున్నాయి. విద్యుత్ నియంత్రణ మండలి చేసే ముఖ్యమైన పని యూనిట్ ధర నిర్ణయించడమే. మీ లెక్కన అది కట్టడి కాదా? కాలుష్య నియంత్రణ మండలి పేరును ఏం చేస్తారు?

సమాధానం:
మంచి ప్రశ్నలు. సాధారణంగా ఒక వీధికి రెండు సంస్థల కరెంటు తీగలు రావు. పోటీకి తావు లేని చోట ధరను మండలి చూడక తప్పదు. అక్కడ కట్టడి కూడా ఉందని ఒప్పుకుంటాను, కాబట్టి నా గీత అంత తిన్ననిది కాదు. కాలుష్యం విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో, లాక్‌డౌన్‌లో నిలిచి ఉన్న ట్యాంకులో వేడి పెరిగి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది మరణించారు. ఆ ఇళ్ళలో నిద్రపోతున్నవారు ఆ కర్మాగారంతో ఏ బేరమూ కుదుర్చుకోలేదు. బేరంలో లేనివారి మీద పడే నష్టాన్ని విపణి తనంతట తాను లెక్కగట్టదు, అందువల్ల అక్కడ ప్రభుత్వం చేయవలసింది అదుపే. ఆ మండలి పేరులో నియంత్రణ బదులు అదుపు అని ఉన్నా అర్థానికి లోటు రాదు.

ప్రశ్న వేసిన సభ్యుడు:
ధన్యవాదాలండీ. వచ్చే వారం అంశాన్ని ఇలా మార్చి ఇస్తాను: "ప్రభుత్వం సరుకుల ధరలను కట్టడి చేయాలా, వ్యాపారాన్ని నియంత్రిస్తే చాలునా? రైతుబజారు ధరల బోర్డును ఉదాహరణగా తీసుకుని చర్చించండి."