వంటర్ర పొయ్యి వేడి ముంగటి అర్ర దాక ఎట్ల తేవాలె? పైపా, ఫ్యానా?

ఉట్నూరు_దిక్కు: వంటర్ర, నడిమి అర్ర, ముంగటి అర్ర మూడూ ఒకే వరుసల ఉన్నయి. పైన సిమెంటు రేకులు. పొగగొట్టం ఉన్న కట్టెల పొయ్యి వంటర్రల. డిసెంబర్, జనవరిల వంటర్రల చెమట పడుతది, ముంగటి అర్రల అమ్మ వణుకుతది. పైపు వేసి వేడిగాలి తోలొచ్చా?

జీఐ_పైపు: వేయొచ్చు. వంటర్ర గోడకు, రేకుల కింద జానెడు దిగువన బొక్క కొట్టించు. ఆరంగుళాల జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు), మధ్యల డక్టు ఫ్యాను, అంటే పైపు లోపలనే గాలి తోలే ఫ్యాను. పీవీసీ వద్దు, వేడికి మెత్తబడి వంగుతది. పైపు చుట్టూ రాక్‌వూల్ (వేడి బయటకు పోనియ్యని రాతి నారల దూది) చుట్టకుంటే నడిమి అర్ర దాటేలోపే గాలి చల్లారుతది. ఎల్బోలు, అంటే పైపు మలుపులు, రెండుకు మించొద్దు.

మట్టిగోడ: అన్నా, ముందు లెక్క చూడు. గంటకు 100 ఘనపు మీటర్ల గాలి తోలే ఫ్యాను, ఆ గాలి అర్ర కంటే 15 డిగ్రీలు వేడిగ ఉన్నా, ఇచ్చేది అర కిలోవాట్. రెండు మీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు దర్వాజ తీసి పెడితే, రెండు అర్రల మధ్య నాలుగు డిగ్రీల తేడాకే గంటకు దాదాపు 600 ఘనపు మీటర్లు దానంతట అదే మారుతది. ముప్పావు కిలోవాట్ పైనే, కరెంటు ఖర్చు లేకుంట.

నమ్మకుంటే ఊదుబత్తి ముట్టించి దర్వాజల నిలబెట్టు. పై గడప దగ్గర పొగ ముంగటికి పోతది, నేల దగ్గర వంటర్ర దిక్కు గుంజుకుపోతది, నడుమ ఎత్తుల నిలువుగ లేస్తది. ఇంకా కావాలంటే చిన్న టేబుల్ ఫ్యాను ముంగటి అర్ర నేల మీద, వంటర్ర మొకాన, తక్కువ స్పీడుల పెట్టు. చల్లగాలి కింద నుంచి పోతే ఖాళీ అయిన చోటుకు వేడిగాలి పై నుంచి వస్తది.

కాజీపేట_జంక్షన్: చలికి ఫ్యాను! మా నాయన వింటే నన్ను ఇంట్లకు రానియ్యడు 😂

జీఐ_పైపు: 15 డిగ్రీలు ఎవరు చెప్పిండ్రు? మంట మీద ఉన్నప్పుడు రేకుల కింద గాలి 40 ఉంటది, ముంగట 15. తేడా 25. నీ అర కిలోవాట్ అక్కడనే 0.8 దాటుతది.

మట్టిగోడ: ఉత్త సిమెంటు రేకు కింద 40 ఎంతసేపు నిలుస్తది? సగం వేడి ఆకాశానికే పోతుంటే ఏ పైపుల తోల్తవు?

హనుమకొండ_సార్: పొగగొట్టాన్నే నడిమి గదిలో నుంచి తిప్పి బయటకు తీస్తే సరిపోదా? కొరియాలో పూర్వం నేల కిందుగా పొగను పంపి ఇళ్లు వేడి చేసుకునేవారు కదా.

జీఐ_పైపు: సార్, వాళ్లు ఇల్లే ఆ లెక్కన కట్టేటోళ్లు. మనం అడ్డంగ పొడుగు పైపు వేస్తే పొగ 120 డిగ్రీల కిందికి చల్లారి, లోపల తారు పేరుకుంటది. ఒకరోజు అదే అంటుకుంటది. అతుకు వదిలితే విషవాయువు పడుకున్న అర్రలకే. వంటర్రల ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్నా జాగ్రత్త, కిటికీలన్నీ మూస్తే గొట్టంల పొగను వెనుకకు గుంజుతది.

సింగరేణి_బిడ్డ: గ్యాసు పొయ్యి ముంగటి అర్రల పెట్టి సిమ్‌ల వదిలేయున్రి, అయిపాయె.

మట్టిగోడ: తమ్ముడూ, వద్దు. కిలో గ్యాసు కాలితే కిలోన్నర నీటి ఆవిరి, గోడలన్నీ చెమ్మ. మూసిన అర్రల కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన ఉండదు. బొగ్గుల కుంపటి ఇంకా ఘోరం.

జీఐ_పైపు: అన్నీ వద్దంటవు. పైపు వద్దు, గ్యాసు వద్దు. ముసలమ్మ చలికి ఉండాల్నా?

మట్టిగోడ: సామాన్లు అమ్మేటోళ్లకు ప్రతి రోగానికి పైపే మందు.

జీఐ_పైపు: నేను ఒక్క పైపు అమ్మిన్నా ఇక్కడ? అమ్మేటోడన్న మాట మళ్ల అనకు.

పెద్దక్క: ఆపున్రి ఇద్దరు. పొయ్యి ఎన్ని గంటలు మండుతదో ఒక్కరన్న అడిగిండ్రా? ఉట్నూరు తమ్ముడూ, చెప్పు.

ఉట్నూరు_దిక్కు: సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర. మళ్ల పొద్దున ఐదుకు. అమ్మకు చలి రెండు, మూడు గంటలకు, అక్క.

పెద్దక్క: గదే. ఆ యాళ్లకు పొయ్యిల బూడిద తప్ప ఏం లేదు. పైపు ఏం తోల్తది, దర్వాజ ఏం ఇస్తది?

జీఐ_పైపు: పెద్ద మొద్దు పెట్టి గాలి మూత తగ్గిస్తే తెల్లారేదాక రాజుతది.

పెద్దక్క: రాజే మొద్దే ఎక్కువ విషం కక్కుతది, గొట్టంల తారూ దానితోనే. మంట పెట్టి కాల్చాలంటే రాత్రి లేచి కట్టె వేసేది ఎవరు? ఇంట్ల కోడలేనాయె.

మట్టిగోడ: అక్క చెప్పింది నిజమే, అందుకే పొయ్యి మండేటప్పుడే వేడి దాచుకోవాలె. పొయ్యి చుట్టూ 200 కిలోల ఇటుక కట్టి సాయంత్రం 40 డిగ్రీలు ఎక్కిస్తే దాదాపు 1.9 యూనిట్ల వేడి అందుల నిలుస్తది. కట్టేటప్పుడు పొయ్యికి ఆనియ్యకు, రెండు వేళ్ల సందు ఉంచు, లేకుంటే పగులుతది.

జీఐ_పైపు: ఆ వేడి వంటర్రలనే కదా చల్లారేది. ముంగటికి పోవాలంటే మళ్ల నా ఫ్యానే కావాలె.

పెద్దక్క: వంటయినంక అదే పొయ్యి మీద 20 లీటర్ల నీళ్లు 80 డిగ్రీలకు కాచి, మూత గట్టిగ ఉన్న స్టీలు క్యాన్ల పోసి ముంగటి అర్రల పెట్టు. 25కు చల్లారేదాక 1.3 యూనిట్లు ఇస్తది. మంచం దగ్గరికి వద్దు, తన్నుకుంటే కాలుతది. రగ్గు కిందికి రబ్బరు వేడినీళ్ల సంచి, గుడ్డ చుట్టి. మనిషిని వెచ్చగ ఉంచితే అర్ర మొత్తం కాచే పని తగ్గుతది.

ఉట్నూరు_దిక్కు: నీళ్లు ఈ రాత్రే పెడత అక్క. గోడకు, రేకులకు నడుమ సందులకు ఏం పెట్టాలె?

మట్టిగోడ: పెంకు ముక్కలు కూరి సిమెంటు, ఇసుక మాలు పెట్టు. వంటర్ర సందులు మాత్రం ముట్టుకోకు, పొయ్యికి గాలి అందాలె. ముంగటి అర్రల కింది సీలింగు వేయిస్తే జిప్సం బోర్డు. వంటర్ర దగ్గర థర్మకోల్ అసలే వద్దు.