పాడేరు కొండలకీ, ఇంటికీ ఒకటే బండి: సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్‌లో ఏది తీసుకోమంటారు?

మిరియాల బేరం (చోడవరం):

అందరికీ నమస్కారం. మిరియాలు, కాఫీ గింజలు కొనే పని నాది. జి.మాడుగుల, పెదబయలు వైపు ఊళ్లు తిరుగుతుంటాను. ఇన్నాళ్లూ మామూలు బొలెరోతోనే లాక్కొచ్చాను. మండల కేంద్రాల దాకా తారు రోడ్డు బాగానే ఉంది. అక్కడి నుంచి లోపలికి గ్రావెల్, ఆ తర్వాత ఎర్రమట్టి. వానల్లో ట్రాక్టర్లు తిరిగి లోతుగా గాడులు పడ్డాయంటే నా బండి పొట్ట మట్టికి ఆనిపోయి వెనక చక్రాలు ఊరికే తిరుగుతాయి. గెడ్డ (కొండవాగు) దిగడం ఎలాగోలా దిగినా అవతలి ఒడ్డు ఎక్కడం ఇంకో తలనొప్పి.

సరుకు నేను మొయ్యను, దానికి అద్దె వ్యాను వస్తుంది. నా బండిలో కాటా, తేమ మీటరు, శాంపిల్ సంచులు, ఇద్దరు మనుషులు, అంతే. ఇంటికొస్తే మాత్రం మేం ఐదుగురం. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. పిల్లల్ని స్కూల్లో దింపాలి, విశాఖ పనులు ఎలాగూ తప్పవు.

రిపేర్లతో కలిపి ఎనిమిది లక్షలు పెట్టగలను. ఇప్పటికి కంటబడిన ఫోర్ బై ఫోర్లు (నాలుగు చక్రాలకీ పవరు పోయే బళ్లు): 2016 థార్ సీఆర్‌డీఈ (డీజిల్), 2017 డస్టర్ ఏడబ్ల్యూడీ (ఆల్ వీల్ డ్రైవ్), ఢిల్లీ నంబరుతో 2017 సఫారీ స్టార్మ్ 4×4 (అనుమానం వచ్చేంత చవక). ఒక జిప్సీ కూడా ఉంది. అది మా తమ్ముడి ముచ్చట, నాది కాదు. వాడినవాళ్లు చెప్పండి.

విశాఖ డస్టర్:

అన్నా, నా దగ్గర డస్టర్ ఏడబ్ల్యూడీ ఉంది కాబట్టి దాని గురించే చెప్తాను. ఇంట్లో వాళ్లకి ఇంతకంటే సుఖమైన బండి మీ లిస్టులో లేదు. సీటు మరీ ఎత్తులో ఉండదు, అమ్మగారు కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ కాబట్టి గతుకుల్లో నడుం విరగదు. మొదటి గేరు బాగా పొట్టిగా ఉంటుంది, ఘాట్‌లో దాని విలువ తెలుస్తుంది. లంబసింగి, అరకు, అనంతగిరి అన్నీ దీని మీదే తిరిగాను.

తగ్గు కూడా చెప్పాలి కదా. లో రేంజ్ (నిదానంగా, ఎక్కువ బలంతో లాగే అదనపు గేర్లు) లేదు. లాక్‌లో (వెనక చక్రాలకీ పవరు పోతూ ఉండేలా) పెట్టినా లోతు బురదలో ఎక్కువసేపు పీకితే, వెనక్కి పవరు అందించే కప్లింగ్ వేడెక్కి చేతులెత్తేస్తుంది. 2022కల్లా ఇక్కడ ఆ తరం డస్టర్ తయారీ ఆగిపోయింది. ఏడబ్ల్యూడీ సామాను దొరుకుతుంది, కానీ ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. మీ గెడ్డ ఒడ్లు ఎంత నిటారుగా ఉంటాయో మీకే తెలియాలి.

నర్సీపట్నం షెడ్డు:

మిరియాల బేరం గారూ, ముందు ఒక మాట అడుగుతాను. కాఫీ పళ్లు కోసేది నవంబరు నుంచి, మిరియాలు ఆ తర్వాత. అంటే మీ అసలు సీజను పొడి నేల మీదే నడుస్తుంది. వానల్లో మీరు తప్పనిసరిగా వెళ్లాల్సిన ఊళ్లు ఎన్ని? అవి ఒకటో రెండో అయితే డస్టర్ తీసుకుని, ఆ ఊళ్లకి రోడ్డు చివర బండి ఆపి నడవండి. డబ్బూ మిగులుతుంది, ఇంట్లో పేరూ వస్తుంది.

లేదు, వానల్లోనూ తిరగాలి అంటే లో రేంజ్ ఉన్న బండే కావాలి. అది బురదలో లాగడానికి మాత్రమే అనుకోకండి. తడి మట్టి మీద దిగేటప్పుడు 4ఎల్‌లో (అంటే ఆ లో రేంజ్‌లో) మొదటి గేరు వేసి బ్రేకు ముట్టుకోకుండా ఇంజనుతోనే దిగాలి. బ్రేకు నొక్కితే చక్రం బిగుసుకుని బండి పక్కకి జారిపోతుంది.

థార్ మంచి బండే. కానీ పాత థార్‌లో వెనక అడ్డంగా కూర్చునే సీట్లు, వెనక నుంచి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని అందులోకి ఎక్కించే సంగతి మీరే ఆలోచించుకోండి. ఇంకో విషయం, కొత్త మోడల్ థార్ ఎవరైనా చవగ్గా ఇస్తామంటే లోపల ఫోర్ బై ఫోర్ వేసే రెండో లివర్ ఉందో లేదో చూడండి. 2023 నుంచి టూ వీల్ డ్రైవ్ థార్ కూడా వస్తోంది, బయటి నుంచి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం.

జిప్సీ టన్ను బరువు కూడా ఉండదు కాబట్టి బురద మీద తేలిపోతుంది, నిజమే. కానీ నాలుగు మూలలా కమాన్ కట్టలు కాబట్టి కుదుపు ఎక్కువ, పెట్రోలు బాగా తాగుతుంది. తమ్ముడు గారిని సొంత డబ్బుతో కొనుక్కోమనండి.

నా ఓటు బీఎస్4 (2020 ఏప్రిల్ ముందటి పొగ నిబంధనల) స్కార్పియో 4×4కి. మీ లిస్టులో లేదు, వెతకాలి, తొందరగా దొరకదు. అయినా పాడేరులో గానీ చింతపల్లిలో గానీ దాని ఎంహాక్ ఇంజను విప్పని మేస్త్రీ ఉండడు. ఎత్తు బండి కాబట్టి పక్కన మెట్టు వేయించండి. 2020 ఏప్రిల్ తర్వాతి డీజిల్ అయితే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) గొడవ ఒకటి ఉంటుంది. కొండల్లో నిదానంగా, స్కూలుకి దగ్గర దూరాలు తిరిగితే అది మసితో పూడుకుపోతుంది. మీ వాడకానికి బీఎస్4 మేలు.

ఏ బండి చూసినా ఇది మాత్రం చేయించండి. లివర్ గానీ స్విచ్చి గానీ 4హెచ్‌లో (నాలుగు చక్రాలకీ పవరు, మామూలు గేర్లు) వేసి మట్టి మీద రెండడుగులు ముందుకి నడపండి. ఆపి, గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు ఒక చక్రాన్ని జాకీ మీద లేపండి. చేత్తో తిప్పితే కాస్త ఆట తప్ప కదలకూడదు. గిర్రున తిరిగిందంటే ముందు చక్రాలకి పవరు పోవడం లేదన్నమాట, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగినా సరే. (డస్టర్‌కి ఈ పరీక్ష పనికిరాదు, దానిది కరెంటు కప్లింగ్.)

తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసు (పవరుని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె), ముందు చక్రాల మధ్య ఉండే హౌసింగు ఆయిల్ కొంచెం దింపి చూడండి. మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. ఘాట్ ఎక్కి వేడి మీదున్న హౌసింగు గెడ్డ చల్లనీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. దానికి గాలి ఆడే బ్రీదర్ పైపు మట్టితో మూసుకుపోయి ఉంటే సీలు సందుల్లోంచి నీళ్లు పీల్చేస్తుంది. కొండ మీద తిరిగిన బళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. పైపు ఊడదీసి నోటితో ఊదితే చాలు, తెలిసిపోతుంది.

రికార్డుల రాజు:

బండి సంగతి షెడ్డు అన్న చెప్పాడు, నేను కాగితాల సంగతి చెప్తాను. ఆ ఢిల్లీ స్టార్మ్ ఎందుకు చవకో తెలుసా? అక్కడ డీజిల్ బండికి పదేళ్ల గడువు పెట్టారు. అది దగ్గర పడేకొద్దీ చాలా బళ్లు ఇటు పంపేస్తూ వచ్చారు. అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతిలో పడకుండా అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు. ఇక్కడికి తెచ్చాక లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అది కలిపి చూసుకుంటే ఆ చవక ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి.

లోకల్ బండి అయితే ఓనరు మార్పుకి ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే అది తీసేయడానికి ఫారం 35, బ్యాంకు క్లియరెన్సు. పరివాహన్ వెబ్‌సైటులో నంబరు కొట్టి చలాన్లు, బ్లాక్‌లిస్టు చూడండి. ఏజెన్సీలో తిరిగిన బండి కాబట్టి ఇంకో జాగ్రత్త: గంజాయి కేసుల్లో పట్టుబడి వేలంలో అమ్ముడైన బళ్లు ఉంటాయి. వేలంలో కొనడం తప్పు కాదు, కానీ వేలం కాగితాలన్నీ ఉండాలి. లేకపోతే ప్రతి చెక్‌పోస్టులోనూ మీరే సమాధానం చెప్పుకోవాలి.

మిరియాల బేరం:

అందరికీ ధన్యవాదాలు. షెడ్డు గారూ, వానల్లో కూడా వెళ్లాల్సిందే. కాఫీ మొక్కలు, మిరియాల తీగలు నాటేది అప్పుడే. మొక్కలు అందించినవాడికే రైతు తర్వాత సరుకు ఇస్తాడు. కాబట్టి డస్టర్ పక్కన పెట్టేశాను.

థార్ చూసొచ్చాను. మీరు చెప్పినట్టు చక్రం లేపితే 4హెచ్‌లో హాయిగా తిరిగింది. ఓనరు మొహం మీద చిరునవ్వు. “నేను కొన్నాక ఆ లివరు ముట్టుకోలేదండీ, కొత్తదానిలాగే ఉంటుంది” అన్నాడు.

స్కార్పియో ఒకటి రాజమండ్రిలో దొరికింది. 2015, ఎస్10 4×4, ఒకే ఓనరు. 7 లక్షల 20 వేలు చెప్తున్నాడు. చక్రం కదల్లేదు, ఆయిల్ శుభ్రంగా ఉంది. వెనక ఎడమ చక్రం లోపల ఆయిల్ చెమ్మ, టైర్లలో ఒకటి వేరే కంపెనీది, కొత్తది. 4×4 లైటు మొదట కొంచెంసేపు మిటుకుతూ తర్వాత నిలబడింది.

నర్సీపట్నం షెడ్డు:

ముట్టుకోకపోవడమే ఆ థార్‌కి పట్టిన రోగం. అప్పుడప్పుడూ మట్టి మీద వేసి నడపకపోతే లోపల గేరుని జరిపే ఫోర్కు బిగుసుకుపోతుంది. అలాగని తారు మీద 4హెచ్ వేసి తిప్పకండి. మలుపులో ముందు వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు, ఆ మెలి అంతా గేర్ల మీద పడుతుంది.

స్కార్పియోది ఆయిల్ సీలు అయితే చిన్న పని. కానీ ఆ చెమ్మ బ్రేకు లైనర్ల దాకా పోయిందేమో డ్రమ్ము విప్పించి చూడండి. లైటు మిటుకుతోందంటే 4×4లోకి మార్చే మోటారు దగ్గర కనెక్టర్లో మట్టి గానీ తుప్పు గానీ ఉండొచ్చు. శుభ్రం చేస్తే పోతే అదృష్టం, మోటారే మార్చాల్సి వస్తే ఖర్చు. ఆ అనుమానం పేరు చెప్పి ధర తగ్గించమనండి. టైర్లు నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. మీకు ఎలాగూ ఆల్ టెరైన్ (మట్టికీ, తారుకీ పనికొచ్చే) టైర్ల సెట్టు కావాలి, అది కూడా బేరంలో పెట్టండి. ఆరు లక్షల డెబ్బై ఐదు వేలు దాటకండి.

పాత బొలెరో అమ్మేస్తారా? మా బావమరిదికి టూ వీల్ డ్రైవ్ చాలు. ఛాసిస్ కింద ఫోటోలు రెండు పెట్టండి, పైన పెయింటువి వద్దు.