రోజర్ త్సియన్ పరిశోధన: కాల్షియం డైలు, జీఎఫ్‌పీ ఒకే అన్వేషణా, రెండు వేర్వేరు పనులా?

ప్రశ్న: ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ విద్యార్థిని, అనంతపురం

అందరికీ నమస్కారం. వచ్చే వారం మా తరగతిలో రోజర్ త్సియన్ పరిశోధనల మీద నేను సెమినార్ ఇవ్వాలి. ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్ అయిన జీఎఫ్‌పీ మీద చేసిన కృషికి 2008లో ఒసాము షిమొమురా, మార్టిన్ చాల్ఫీలతో పాటు ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అయితే ఆయన పేరు నేను మొదట చూసింది ఫ్యూరా-2 అనే కాల్షియం డై (కాల్షియం తగిలితే వెలుగు మారే రంజకం) గురించి చదివేటప్పుడు. ఈ రెండింటినీ వేర్వేరు అధ్యాయాలుగా చెప్పాలా, ఒకే దారిగా చూపించవచ్చా? అసలు కణంలో కాల్షియంను కొలవడం ఎందుకంత కష్టమైంది?

జవాబు: రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, కర్నూలు

ఒకే దారిగా చెప్పమ్మా, సందేహించకు. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో మన బోరు నీళ్ల కఠినత్వాన్ని, లోహ అయాన్లను పట్టుకునే ఈడీటీఏతో టైట్రేట్ చేసి ఉంటావు. సూచిక రంగైన ఎరియోక్రోమ్ బ్లాక్-టీ వైన్ రెడ్ నుంచి నీలానికి తిరిగేసరికి కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిసే లెక్కకు వస్తాయి. బోరు నీళ్లకు అది చాలు, కణానికి చాలదు. విశ్రాంతిగా ఉన్న కణద్రవ్యంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం దాదాపు 100 నానోమోలార్ మాత్రమే ఉంటుంది. అక్కడే మెగ్నీషియం దానికి కొన్ని వేల రెట్లు ఉంటుంది, కణం బయటేమో కాల్షియం ఒక మిల్లీమోలార్‌కు పైనే ఉంటుంది. ఈ వ్యత్యాసమే సంకేతానికి ఆధారం: చానెళ్లు తెరుచుకొని లోపలి కాల్షియం కొద్దిగా పెరగగానే కండరం సంకోచిస్తుంది, గ్రంథి స్రవిస్తుంది.

మెగ్నీషియంను పక్కనపెట్టి కాల్షియంను పట్టుకోవడంలో ఈడీటీఏ లాంటిదే అయిన ఈజీటీఏ మెరుగైనదే, కానీ కణంలో ఉండే పీహెచ్ దగ్గర దాని నైట్రోజన్లు ప్రోటాన్లను పట్టుకొని ఉంటాయి కాబట్టి, పీహెచ్ కాస్త మారినా దాని పట్టు మారిపోతుంది. త్సియన్ ఆ అణువులో బెంజీన్ వలయాలను చేర్చి, నైట్రోజన్ల క్షారగుణాన్ని తగ్గించి, 1980లో బాప్టా అనే కొత్త అణువును ప్రకటించారు. నా దృష్టిలో ఆయన జీవితంలోని అత్యంత అందమైన పని ఇదే, నోబెల్ తెచ్చిన పని కంటే కూడా. జీవశాస్త్రవేత్తకు కావలసినదేమిటో తెలుసుకొని, దానికి తగిన అణువును కాగితం మీద గీసి, తన చేతులతో తయారుచేసిన రసాయనజ్ఞుడు ఇక్కడ కనిపిస్తాడు.

జవాబు: పరిశోధక విద్యార్థి, కడప

లెక్చరర్ గారు చెప్పినదానికి కొంత చేరుస్తాను. బాప్టాకున్న నాలుగు కార్బాక్సిలేట్ సమూహాల రుణావేశం వల్ల అది కణత్వచాన్ని దాటలేదు. 1981లో త్సియన్ వాటిని ఎసిటాక్సీమిథైల్ ఎస్టర్లుగా కప్పివేశారు. ఆవేశం మరుగున పడిన అణువు లోపలికి జారుతుంది, కణంలోని ఎస్టరేజ్ ఎంజైములే ఆ ముసుగును కోస్తాయి, ఆపై అది బయటకు రాలేదు. సూదితో కణాన్ని పొడవవలసిన అవసరం దీనితో తప్పింది.

బాప్టా నమూనా మీద ఆయన తయారుచేసిన మొదటి కాల్షియం డై క్విన్-2 కాంతి తక్కువ కావడంతో ఎక్కువ మోతాదులో నింపాల్సి వచ్చేది. అప్పుడు కొలవవలసిన కాల్షియంను డై తానే పట్టేసుకునేది. 1985లో వచ్చిన ఫ్యూరా-2 చాలా ప్రకాశవంతమైనది, పైగా 340, 380 నానోమీటర్ల వద్ద ఉత్తేజపరచి ఆ రెండు కాంతుల నిష్పత్తి తీస్తే, కణం మందమూ డై మోతాదూ లెక్కలోంచి తప్పుకుంటాయి.

ఇక జీఎఫ్‌పీ. ఎస్టర్ డై కణంలో ఎక్కడికి చేరాలో మనం నిర్ణయించలేము. జన్యువు ద్వారా తయారయ్యే సూచికనైతే కేంద్రకానికో, ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌కో పంపవచ్చు. శాస్త్రవేత్త డగ్లస్ ప్రాషర్ 1992లో క్లోన్ చేసిన జీఎఫ్‌పీ జన్యువు మీద త్సియన్ బృందం మార్పులు చేసి ప్రకాశాన్ని పెంచింది, కొత్త రంగులు పుట్టించింది. 1997లో వచ్చిన కామెలియన్ అనే కాల్షియం సూచికలో రెండు రంగుల జీఎఫ్‌పీ రూపాల మధ్య, కాల్షియంను పట్టుకునే కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. కాల్షియం తగలగానే అది ముడుచుకొని ఆ రెండింటినీ దగ్గర చేస్తుంది, ఒకదాని శక్తి రెండోదానికి బదిలీ అవుతుంది. చూశారా, మళ్లీ నిష్పత్తే, మళ్లీ కాల్షియమే. సెమినార్‌లో ఫ్యూరా-2, కామెలియన్ బొమ్మలను పక్కపక్కన పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: అనంతపురం

ఇద్దరికీ ధన్యవాదాలు. సార్ చెప్పిన టైట్రేషన్‌తోనే మొదలుపెడతాను. ఒక్క సందేహం: ఎస్టర్ డై ఇతర కణాంగాలలోకీ చేరిపోతే ఆ పొరపాటును ఎలా తగ్గిస్తారు?

జవాబు: పరిశోధక విద్యార్థి, కడప

37 డిగ్రీల దగ్గర కాకుండా గది ఉష్ణోగ్రతలో, తక్కువ గాఢతతో, తక్కువ సేపు లోడ్ చేస్తాం. ఎస్టరేజ్‌లు కోయడం పూర్తయ్యేలా కడిగిన తర్వాత కొంతసేపు ఆగుతాం. కొన్ని కణాలు డైని బయటకు పంపేస్తాయి, దాన్ని అడ్డుకోవడానికి వాటికి ప్రొబెనిసిడ్ అనే మందు కలుపుతాం.