అట్లాస్ చిమ్మట రెక్క కొసన ఉన్నది పాము తలేనా?

గోదారిగట్టు:
సింగపూర్‌లో మా అపార్ట్‌మెంట్ మెట్ల గోడకు నిన్న పొద్దున ఒక అట్లాస్ చిమ్మట అతుక్కుని కనిపించింది. జానెడు వెడల్పుంది. రెక్కలు గోడకు పరిచేసి, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా కదల్లేదు. పై రెక్కల కొసలు అచ్చం నాగుపాము తలలే, కన్నూ నోటి గీతతో సహా. పిట్టల్ని బెదిరించడానికే అలా పరుచుకుంటుందని నేనన్నాను. మా ఆవిడ నవ్వింది. మీరేమంటారు?

రాత్రిగువ్వ:
నేను మీ ఆవిడ పక్షం. తాడును చూసి పామనుకోవడం మనకు కొత్తా? పిట్ట కంటికీ అది పాములాగే కనిపిస్తుందని ఏంటి నమ్మకం? దీని చుట్టాలు రోత్‌షిల్డియా చిమ్మటలు అమెరికా ఖండాల్లో ఉంటాయి. వాటి కొసలూ ఇంచుమించు ఇంతే. అక్కడ నాగుపాములే లేవు.

తూనీగ:
నాగుపామే కావాలా, ఏ పామైనా చాలదా? దాన్ని కదిలిస్తే ఎగిరిపోదు, కిందపడి రెక్కలు మెల్లగా ఆడిస్తుంది. చూస్తే పాము మెలికలు తిరుగుతున్నట్టే ఉంటుంది. కాంటనీస్ వాళ్ళు దాన్ని పాముతల చిమ్మట అనే పిలుస్తారు.

రాత్రిగువ్వ:
పేరు పెట్టింది మనుషులు, పిట్టలు కాదు. 2021లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ కొసల్నే పరీక్షించారు. గబ్బిలం కూతపెట్టి, దాని ప్రతిధ్వని విని వేటాడుతుంది కదా. ఆ కూత కొసల్లోని ముడతలకు తగిలి, ఒంటి నుంచి వచ్చేదానికన్నా గట్టిగా తిరిగొస్తుందట. దాంతో గబ్బిలం గురి కొసమీదికి పోతుందని వాళ్ళ వాదన. కొస చిరిగినా చిమ్మట బతుకుతుంది. ఇక కదలకపోవడమంటారా, పెద్దయ్యాక దానికి పనిచేసే నోరే లేదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్నదాంతోనే ఒకటి రెండు వారాలు నెట్టుకురావాలి. ఎగరడమంటే ఉన్న డబ్బు ఖర్చుపెట్టడమే.

తూనీగ:
ముడతలు గబ్బిలం కోసమే అనుకుందాం. మరి ఆ రంగులెందుకు? చీకట్లో చెవితో వేటాడేదానికి కన్ను లాంటి నల్లచుక్కతో ఏం పని? రాత్రి గబ్బిలం, పగలు పిట్ట, రెంటికీ ఒకే కొస పనికొస్తే తప్పేంటి?

రాత్రిగువ్వ:
ఆ చుక్క సంగతి నేనూ చెప్పలేను, ఒప్పుకుంటా. కానీ పిట్టలు జడుసుకుంటాయో లేదో వాటి ముందు పెట్టి చూడందే నేను నమ్మను. గోదారిగట్టు గారూ, దాని మీసాలు ఎలా ఉన్నాయి? ఈకల్లా వెడల్పుగా ఉంటే మగది. సన్నగా ఉంటే ఆడది, వాసనతో మగదాన్ని రప్పించుకుంటూ ఒకేచోట కూర్చుంటుంది.

గోదారిగట్టు:
సన్నగానే ఉన్నాయండీ. ఇంకా అక్కడే ఉంది. పాము లేదూ గీము లేదూ అన్న మా ఆవిడ మాత్రం నిన్నట్నుంచి లిఫ్టులోనే వెళ్తోంది.