కోడిగుడ్డులో ఆగిన రక్తనాళం గడ్డలోనూ ఆగుతుందా?

కొత్తపేట_కుర్రాడు:
మా పిన్నికి కీమో నడుస్తోంది. బంధువొకాయన వాట్సాప్‌లో వీడియో పంపాడు. పసుపులోని కర్క్యుమిన్ వేస్తే కోడిగుడ్డులో కొత్త రక్తనాళాలు రాలేదట. గడ్డ పెరగాలన్నా కొత్త నాళాలే కావాలి కదా, క్యాప్సూల్స్ మొదలుపెట్టమంటున్నాడు. ఆ పరీక్షను ఎంతవరకు నమ్మొచ్చు?

వేరుమొక్క:
నమ్మొచ్చండి. నాళాలు ఆపితే గడ్డ ఎదగదని అమెరికా సర్జన్ ఫోక్‌మన్ 1971లోనే అన్నాడు. ఆ దారిలోనే వచ్చిన బెవాసిజుమాబ్ అనే క్యాన్సర్ మందుకి అమెరికాలో 2004లో అనుమతి దొరికింది. మొక్కలంటే చిన్నచూపెందుకు? షుగర్ మందు కోసం బిళ్ళగన్నేరు ఆకుల్ని పరీక్షిస్తుంటేనే విన్‌బ్లాస్టిన్ అనే కీమో మందు బయటపడింది. గుడ్డు సంగతి వదిలేసినా, 1998లో ఎలుక కంటి పొరలో కూడా కర్క్యుమిన్ నాళాల్ని తగ్గించింది.

గుడ్డుకిటికీ:
ఈ పరీక్ష రెండేళ్లు నా చేత్తో చేశాను. పొదిగే గుడ్డుకి మూడో రోజు పెంకులో చిన్న కిటికీ కోసి టేపు వేస్తాం. ఎనిమిదో రోజుకి లోపలి పొర మీద నాళాలు చెట్టుకొమ్మల్లా అల్లుకుంటాయి. మందు అద్దిన కాగితం బిళ్ళ పెట్టి, రెండు రోజులాగి కొమ్మలు లెక్కపెడతాం. చవక, త్వరగా తేలిపోతుంది.

తంటా ఎక్కడంటే, కర్క్యుమిన్ నీళ్లలో కరగదు. ఆల్కహాల్‌లో కలిపితే ఆ ఆల్కహాలే పొరని కాల్చేస్తుంది. ఉత్త ఆల్కహాల్ బిళ్ళ పెట్టిన గుడ్లు పక్కన లేకపోతే ఆ ఫొటో దేనికీ పనికిరాదు. పిండానికి విషమైనదేదైనా నాళాల్ని తగ్గిస్తుంది. ఆ వీడియోలో పోలికకి గుడ్లు చూపించారా?

కొత్తపేట_కుర్రాడు:
లేదండీ. ఒక్క గుడ్డే.

పసుపుకొమ్ము:
నాదో డౌటు. దెబ్బ తగిలితే పసుపు అద్దుతాం. గాయానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటుని మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ 1997లో రద్దు చేయించింది కూడా. గాయం మానాలంటే కొత్త నాళాలు రావాలి. మరి అదే పసుపు నాళాల్ని ఆపుతుందా?

గుడ్డుకిటికీ:
అసలు ప్రశ్న ఇదే. 1998లోనే ఇంకో బృందం, కర్క్యుమిన్ వాడిన జంతువుల గాయాల్లో నాళాలు బాగా పెరిగాయని చూపించింది. ఒకే ఏడాది, రెండు వైపులా ఫలితాలు! రెండూ నిజమే కావచ్చు. మోతాదు, చోటు మారితే పని మారుతుంది. అందుకే గుడ్డు పరీక్షని జల్లెడ అంటాను. మందుల్ని వడగట్టడానికి సరే, వైద్యం చెప్పడానికి కాదు.

మోతాదు కూడా చూడండి. మనుషులకి రోజుకి 8 గ్రాములిచ్చినా రక్తంలో దొరికింది సగటున 2 మైక్రోమోలార్ (ద్రవంలో మందు ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) లోపే. ల్యాబ్ సీసాల్లో పెంచే కణాల మీద చాలాచోట్ల అదే కొలతలో 10, 20 వాడతారు. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. ఆ 8 గ్రాముల కోసం రోజూ పావుకిలో పైనే పసుపు తినాలి!

వేరుమొక్క:
పాత లెక్క చెప్తున్నారు. మిరియాల్లోని పైపరిన్ కలిపితే మనుషుల రక్తంలో 20 రెట్లు ఎక్కువ చేరిందని బెంగళూరు వాళ్లే చూపించారు.

గుడ్డుకిటికీ:
నేను ఒప్పుకునే పాయింటే. కానీ అది ఎలా పెరిగింది? మందుల్ని విరగ్గొట్టే కాలేయపు ఎంజైముల్ని పైపరిన్ నెమ్మదింపజేస్తుంది. కీమో మందుల్లో కొన్ని ఆ దారిలోనే విరుగుతాయి. అవీ రక్తంలో పేరుకుపోతే? కూరలో పసుపు, చారులో మిరియాలు వేరు. డాక్టరుకి చెప్పకుండా క్యాప్సూల్ మాత్రం వద్దు.

వేరుమొక్క:
డాక్టరుకి చెప్పాలన్నది సరే. కర్క్యుమిన్‌ని మాత్రం నేను వదిలెయ్యను.

కొత్తపేట_కుర్రాడు:
డబ్బా వెనకాల ఇప్పుడే చూశాను. మిరియాల సారం అని రాసే ఉంది. పిన్ని వారం నుంచి వేసుకుంటోందట, మాకెవరికీ చెప్పలేదు. ఫొటో తీశాను, పొద్దున్నే డాక్టరుగారికి చూపిస్తాను.