కీళ్లవాతం ఉన్న మా పాప రాత్రిపూట మణికట్టుకు కట్టే స్ప్లింటు తీసేస్తోంది, ఏం చేయాలి?

మాది నెల్లూరు జిల్లా కావలి. తొమ్మిదేళ్ల మా పాపకు జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ (పిల్లల్లో వచ్చే కీళ్లవాతం) ఉన్నట్లు ఏడాదిన్నర క్రితం చెన్నైలో నిర్ధారించారు. వారానికి ఒకసారి కీళ్లవాతాన్ని అదుపు చేసే మెథోట్రెక్సేట్ మందు, దానితోపాటు ఫోలిక్ యాసిడ్ వాడుతున్నాం. మోకాళ్ల వాపు చాలావరకు తగ్గింది. కంటి పరీక్షలు కూడా క్రమం తప్పకుండా చేయిస్తున్నాం.

ఇక ఇబ్బందంతా కుడి మణికట్టు, చూపుడువేలు, మధ్యవేలి దగ్గర మిగిలింది. ఉదయం లేచాక దాదాపు 40 నిమిషాలు వేళ్లు బిగుసుకుపోయి గుండీలు కూడా పెట్టుకోలేదు. బడిలో 10 నిమిషాలు రాసేసరికి నొప్పితో పెన్ను వదిలేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో చేతులు ఉంచిన తరువాత ఫిజియోథెరపిస్టు చూపిన వ్యాయామాలు చేయిస్తున్నాం, పెన్నుకు లావుపాటి స్పాంజి తొడుగు వేశాం. వీటివల్ల కొంత ఉపశమనం ఉంది.

కుదరనిది మణికట్టు వంగకుండా రాత్రి కట్టే స్ప్లింటు ఒక్కటే. మా ఊరి ఉక్కకు లోపల చెమట పట్టి, దురద పెట్టి, రాత్రి 1 గంటకల్లా తీసి పారేస్తుంది. లోపల నూలు తొడుగు వేశాం, అది తడిసి ముద్దయింది. పట్టీలు వదులు చేస్తే స్ప్లింటే జారిపోయింది. మళ్లీ కట్టడానికి రోజూ రెండుసార్లు లేస్తున్న నా భార్యకు నిద్ర కరవై, పొద్దున వ్యాయామం వేళకు తల్లీబిడ్డలిద్దరికీ కన్నీళ్లే మిగులుతున్నాయి. నేను ఉద్యోగానికి తెల్లవారుజామునే ఒంగోలు రైలెక్కాలి కనుక ఆ భారం ఆమెదే అవుతోంది.

మందుల మార్పు గురించి అడగడం లేదు, అది డాక్టరుగారు చూస్తారు. ఇటువంటి వేడి ప్రాంతంలో మీ పిల్లలు తెల్లవారేదాకా స్ప్లింటు ఉంచుకునేలా ఏ రకం స్ప్లింటు లేదా ఏ పద్ధతి పనిచేసింది?