నా ప్రభల ఫోటో రిసార్ట్ హోర్డింగ్ మీద వేసుకున్నారు. కాపీరైట్ రిజిస్టర్ చేయించకపోతే అడగలేమా?

ప్రశ్న: కౌశిక గట్టు

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర. చిన్న స్టూడియో ఉంది, పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తుంటాను. సంక్రాంతికి మాత్రం ఎవరి ఆర్డరూ ఒప్పుకోను. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం నా కోసం నేను తీసుకుంటాను. దానికి ఎవరూ డబ్బులివ్వరు, నేను అడగను కూడా.

గంగలకుర్రు అగ్రహారం ప్రభ (బొంగులతో కట్టి, గంటలతో అలంకరించి, దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసేది) కౌశిక ఏరు దాటేటప్పుడు గట్టు మీద నుంచి తీసేవాళ్ళు వందల మంది ఉంటారు. నేను నీళ్ళలోకి దిగి తీస్తాను, కెమెరా తడవకుండా చేతులు పైకెత్తుకుని. అలా తీసిన ఫోటో ఒకటి ఉంది. ప్రభ ఓ పక్కకి ఒరిగింది, గంటలు అటే వాలిపోయాయి. ముందు వరసలో మోసే కుర్రాడు గెడ్డం ఎత్తి నీళ్ళ పైన ఊపిరి పీల్చుకుంటున్నాడు, బొంగు పట్టుకున్న వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎవరో అరుస్తున్నారు, ఎవరో తాడు లాగుతున్నారు. ఆ ఒక్క ఫ్రేములో అన్నీ కుదిరాయి. ఫేస్‌బుక్‌లో పెడితే చాలామంది షేర్ చేశారు, సంతోషించాను.

మొన్న రావులపాలెం వెళ్తుంటే రోడ్డు పక్కన ఓ రిసార్ట్ హోర్డింగ్ మీద అదే ఫోటో. మూల ఉన్న నా పేరు కోసేశారు. ఆకాశం నారింజ రంగు చేశారు, అక్కడ లేని కొబ్బరిచెట్లు తెచ్చి అతికించారు. బండి ఆపి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఫోన్ చేస్తే మేనేజరు, "గూగుల్‌లో దొరికిందండి, మీదని గ్యారంటీ ఏంటి, కాపీరైట్ సర్టిఫికెట్ ఉందా, అయినా పండగ అందరిదీ కదా" అన్నాడు. పండగ అందరిదే, కాదనను. ఆ నీళ్ళలో నిలబడి తీసింది మాత్రం నేను.

యూట్యూబ్‌లో ఒక వీడియోలో రిజిస్ట్రేషన్ లేకపోతే కోర్టుకి వెళ్లడానికే లేదని చెప్పారు. నిజమేనా?

ఇంకో మాట. మాఘమాసంలో నేను తీసిన పెళ్లిలోని పెళ్లికూతురి ఫోటో ఒక చీరల షాపు ఫ్లెక్సీ మీద, వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా కనపడింది. పెళ్లికూతురి అన్నయ్య ఇచ్చాడట. దాని గురించి కూడా అడగొచ్చా? రెండూ కలిపి ఒకే నోటీసు లాగా పంపిద్దామని ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి, నాలుగు రోజుల నుంచి నిద్ర లేదు.

జవాబు: పుల్లేటికుర్రు కుర్రోడు

అన్నా, ఫోటో చూశాను, చాలా బాగుంది. కానీ ఒకసారి నెట్‌లో పెట్టాక అది అందరిదీ అయిపోయినట్టే అనుకుంటా. ఇకనుంచి పేరు మూల కాకుండా నట్టనడుమ పెద్దగా వేసెయ్. కోర్టులంటే ఏళ్ళు పడతాయి, టెన్షన్ తప్ప ఏం మిగలదు.

జవాబు: వశిష్ట లాయరు

మా నాన్నగారిది నరసాపురంలో ఫోటో స్టూడియో. నేను లాయర్ని. రెండు వైపులా తెలుసు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు తమ్ముడి మాట. నెట్‌లో పెట్టినంత మాత్రాన ఫోటో అందరిదీ అయిపోదు. ఫేస్‌బుక్‌లో పెట్టినప్పుడు మీ ఫోటో చూపించుకోవడానికి ఆ కంపెనీకి మీరు అనుమతి ఇస్తున్నారు. దారిన పోయే రిసార్ట్‌కి ఇవ్వడం లేదు. కింద "ఫోటో కర్టసీ" అని వేసినా అది అనుమతి కిందికి రాదు. ఇక్కడైతే అదీ వేయలేదు.

మీరు చూసిన వీడియో అమెరికా చట్టం గురించి అయి ఉంటుంది. అక్కడివాళ్ళు తమ దేశపు ఫోటో మీద దావా వేయాలంటే ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి. మనకి అలా లేదు. మన కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. దాని ప్రకారం ఫోటో కళాకృతి, తీసినవాడే దాని కర్త. షట్టర్ నొక్కిన క్షణం నుంచి హక్కు మీది. దరఖాస్తు అక్కర్లేదు, కింద సున్నా చుట్టి సి అక్షరం వేయనక్కర్లేదు. 2012 సవరణకి ముందు ఫోటోలకి ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్ళే ఉండేది. ఇప్పుడు తీసినవాడి జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్ళు. అంటే మీ ప్రభ ఫోటో మీద హక్కు మీ మనవల దాకా పోతుంది.

కాబట్టి ఆ మేనేజరుకి మీరు చూపించాల్సింది సర్టిఫికెట్ కాదు, రుజువు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. రా ఫైల్, అంటే కెమెరాలో పడిన అసలు ఫైల్, ఉందా? అది ఒక్కటే కాదు, దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములన్నీ ఉన్నాయా? ప్రభ ఒరగబోతున్నది, ఒరిగింది, మళ్ళీ నిలబడింది, ఇలా వరసగా ఉన్న ఫైళ్ళు తీసినవాడి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండవు. గూగుల్‌లో దొరికినవాడి దగ్గర ఒక్క జేపెగ్ ఉంటుంది, అంతే. ఆ మెమరీ కార్డు ఇంకా ఉంటే ఫార్మాట్ చేయకండి. ఫైళ్ళు రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి పక్కన పెట్టండి. కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ ఫైళ్ళకి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, అది మీ లాయరు చూసుకుంటారు.

రేపు పొద్దున్నే వెళ్లి హోర్డింగ్‌ని ఫోటో తీయండి, చుట్టుపక్కల రోడ్డు, షాపులు కనపడేలా. ఎక్కడుందో తర్వాత ఎవరూ కాదనకూడదు. వాళ్ళ వెబ్‌సైట్‌లోనో బ్రోచర్‌లోనో కూడా వాడారేమో చూడండి, స్క్రీన్‌షాట్‌లో పైన లింకు, తేదీ పడాలి. ఇవన్నీ చేతిలో ఉన్నాకే నోటీసు. ముందే కంగారుపడి ఫోన్ల మీద ఫోన్లు చేస్తే రాత్రికి రాత్రి తీసేసి, మేం వేయనే లేదంటారు.

పేరు కోసేయడం చిన్న విషయం కాదు. ఫోటో మీద కర్త పేరు హక్కుల సమాచారం కిందికి వస్తుంది. తెలిసి దాన్ని తొలగిస్తే కాపీరైట్ చట్టం 65బి సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. తెలిసి కాపీ కొట్టడం అదే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ళు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఆ నేరంలో పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మొదటిరోజే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళమని నేను చెప్పను. నోటీసుతో తేలే విషయాలు చాలా ఉంటాయి, స్టేషన్‌కి వెళ్ళాక అవతలివాళ్ళు మొండికేస్తారు. తేలకపోతే దావా ఉండనే ఉంది. 62వ సెక్షన్ ప్రకారం మీరుండే చోటి జిల్లా కోర్టులోనే వేయొచ్చు, వాళ్ళ కంపెనీ ఆఫీసు ఏ హైదరాబాద్‌లోనో ఉందని అక్కడికి తిరగనక్కర్లేదు. గడువు మూడేళ్ళు.

ఇక రెండో ఫోటో. రెండూ కలిపి ఒకే నోటీసు అన్నారు, అది చేయకండి. ఈ రెండింటికీ చట్టంలో దారులు వేరు. డబ్బు తీసుకుని, ఒకరు చెప్తే తీసిన ఫోటోకి మొదటి హక్కుదారు ఆ చెప్పినవాళ్ళు. 17వ సెక్షన్. వేరే ఒప్పందం ఉంటే తప్ప. మీ ప్రభ ఫోటో ఎవరూ చెప్పకుండా, ఎవరి డబ్బూ తీసుకోకుండా తీశారు కాబట్టి పూర్తిగా మీది. పెళ్లి ఫోటో మాత్రం, మీ రసీదు మీద ఏమీ రాసి లేకపోతే, ఆర్డరిచ్చినవాళ్ళది.

ఇది విని చాలామంది ఫోటోగ్రాఫర్లు కోప్పడతారు. మా నాన్నగారి రోజుల్లో కూడా చట్టం ఇదే. కానీ అప్పుడు నెగటివ్‌లు స్టూడియోలోనే ఉండేవి. బ్రౌన్ కవర్ల మీద ఊరు, ఇంటిపేరు, తేదీ రాసి, చెమ్మ తగలకుండా చెక్క బీరువాలో పెట్టేవారు. ఇంకో కాపీ కావాలంటే ఎవరైనా ఆ బీరువా దగ్గరికే రావాలి. దాంతో హక్కు కూడా మాదే అనుకున్నాం. ఇప్పుడు పెన్ డ్రైవ్‌తో పాటు అన్నీ ఇచ్చేస్తున్నారు, అడిగేదానికి ఏమీ మిగలడం లేదు. అందుకే రాత కావాలంటున్నాను.

అయినా రెండు విషయాలు మీకు మిగిలే ఉన్నాయి. హక్కు ఎవరిదైనా, తీసింది నేనని చెప్పుకునే హక్కు, మీ పేరు చెడేలా మార్చితే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షన్ కింద మీవే. రెండోది, ఆర్డరిచ్చింది పెళ్లికూతురి నాన్నగారైతే, అన్నయ్య ఇచ్చేశాడన్నంత మాత్రాన షాపుకి అనుమతి వచ్చినట్టు కాదు. అన్నిటికంటే ముందు ఆ అమ్మాయి ముఖం అది. తన ఫోటో ఫ్లెక్సీ మీద ఉందని ఆవిడకి తెలుసా? వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి మర్యాదగా చెప్పండి. వాళ్ళు వద్దంటే షాపువాళ్ళు తీసేయాల్సిందే. మీరు నోటీసు ఇవ్వడం కంటే అది బలంగా పనిచేస్తుంది.

జవాబు: కడియపులంక నర్సరీ ఫోటోలు

అన్నయ్యా, లాయరు గారు చెప్పింది చదివి నేను కూడా రాద్దామనిపించింది. నేను ఇక్కడ నర్సరీలకి మొక్కల క్యాటలాగ్ ఫోటోలు తీస్తాను. మందారం ఒక్కటే ఎన్ని రంగులో. మా ఫోటోలు ఇంకెవరో పెట్టి, వేరే మొక్క పంపేస్తారు. కొన్నవాళ్ళు పువ్వు పూసే దాకా ఆగి, మోసపోయామని తెలిసి మమ్మల్ని తిడతారు. అందుకే ఇదంతా నేర్చుకున్నాను.

కెమెరా మెనూలో కాపీరైట్ ఇన్ఫర్మేషన్ అని ఉంటుంది, కానన్‌లో, నికాన్‌లో రెండిట్లోనూ చూశాను. అక్కడ పేరు ఒకసారి రాస్తే తీసే ప్రతి ఫైల్లోనూ పడుతుంది. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ సమాచారం పోతుంది, అందుకే నేను డాక్యుమెంట్‌గా పంపుతాను. నెట్‌లో పెట్టేది ఎప్పుడూ చిన్న సైజే. ఫోన్‌లో బాగుంటుంది, హోర్డింగ్‌కి సాగదీస్తే పగిలిపోతుంది. నట్టనడుమ పెద్ద పేరు వేస్తే మాత్రం ఫోటో చూడబుద్ధి కాదు, నాకు నచ్చదు. పువ్వు రేకు అంచు మీదుగా సన్నగా వేస్తాను, కోయాలంటే పువ్వే కోయాలి.

నెలకోసారి ముఖ్యమైన ఫోటోలు గూగుల్ లెన్స్‌లో వేసి వెతుకుతాను. ఎవరైనా వాడితే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది. మీ ఒరిజినల్ లింకు, వాళ్ళ లింకు ఇచ్చి నింపితే చాలు. నావి చాలానే తీశారు. చీరల షాపు ఇన్‌స్టాగ్రామ్ పోస్టు మీద మాత్రం ఇది మీరు పెట్టకండి. హక్కు తనదేనని ప్రకటించాలి అందులో, అది పెళ్లివారే పెట్టాలి.

కౌశిక గట్టు

లాయరు గారూ, చాలా థాంక్సండి. రా ఫైళ్ళు ఉన్నాయి. మీరు చెప్పినట్టే ముందూ వెనకా ఫ్రేములు కూడా దొరికాయి, ఒకదాంట్లో నా వేలు లెన్స్‌కి అడ్డం వచ్చింది, అది కూడా దాచాను. హోర్డింగ్ ఫోటో తీసుకొచ్చాను. పెళ్లికూతురి నాన్నగారికి ఫోన్ చేస్తే ఆయనకి విషయమే తెలీదు. అమ్మాయిని అడిగి, సాయంత్రానికి ఆయనే షాపుకి వెళ్ళారు. ఫ్లెక్సీ దింపేశారట.

ఇక మూడు అడుగుతాను. నోటీసులో డబ్బు ఎంత అడగాలి? రసీదు మీద ఏం రాయాలి? ఈ ఫోటోకి ఇప్పుడైనా రిజిస్ట్రేషన్ చేయిస్తే ఉపయోగం ఉందా?

జవాబు: వశిష్ట లాయరు

ఆయ్, అవి దొరకడం మంచిదైంది. వేలు పడిన ఫ్రేము అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

డబ్బు సంగతి. కోపం కొద్దీ లక్షలు రాయకండి. ఆ సైజు హోర్డింగ్‌కి, అన్ని నెలలకి, అడిగి తీసుకుని ఉంటే మీరు ఎంత తీసుకునేవారో అది ఆధారంగా లెక్క వేయండి. పేరు కోసినందుకు, రంగులు మార్చినందుకు విడిగా చూపించండి. మీరు ఇంతకుముందు ఎవరికైనా ప్రకటనకి ఫోటో అమ్మిన బిల్లు ఉంటే జత చేయండి. ఒక వారం గడువు, తీసేయడం, డబ్బు, రాతపూర్వక క్షమాపణ. ఆ క్షమాపణ వదులుకోకండి.

రిజిస్ట్రేషన్ ఇప్పుడైనా చేయించవచ్చు. ఢిల్లీ కాపీరైట్ ఆఫీసుకి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు, ఒక్కో ఫోటోకి 500 రూపాయలు. డైరీ నంబరు (దరఖాస్తుకి ఇచ్చే నంబరు) వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. సర్టిఫికెట్ వస్తే కోర్టు దాన్ని ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. హక్కు మాత్రం దాంతో పుట్టదు. తీసిన ప్రతి ఫోటోకీ చేయించడం డబ్బు దండగ. ఇలాంటి ఏ ప్రభ ఫోటోకో, పదేపదే దొంగిలించబడే ఫోటోకో చేయించండి.

రసీదు మీద ఇలా రాయించుకోండి, తెలుగులోనే, పెళ్లివారు చదివి సంతకం పెట్టేలా: "ఈ కార్యక్రమంలో తీసిన ఫోటోల కాపీరైట్ స్టూడియోది. కుటుంబం వారు ఫోటోలను సొంతానికి ఎన్నిసార్లయినా ప్రింటు వేసుకోవచ్చు, పంచుకోవచ్చు. వ్యాపార ప్రకటనలకు ఇతరులకు ఇవ్వాలంటే స్టూడియో రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. స్టూడియో తన ప్రచారానికి ఈ ఫోటోలు వాడాలంటే కుటుంబం వారి అనుమతి తీసుకుంటుంది." చివరి వాక్యం తీసేయకండి, అది ఉంటేనే వాళ్ళు మొదటి వాక్యానికి ఒప్పుకుంటారు. అడ్వాన్సు తీసుకునే రోజే సంతకం కావాలి, ఆల్బమ్ ఇచ్చే రోజు కాదు. మీతో బయటి కెమెరామెన్‌లు వస్తుంటే వాళ్ళతో కూడా విడిగా ఒక కాగితం రాసుకోండి.

నోటీసు ముసాయిదా రాసి ఇక్కడే పెట్టండి, పేర్లు తీసేసి. చూసి చెప్తాను.